చివరి కుర్చీ

మా అమ్మమ్మ దయ్యమన్న సంగతి నాకు యాభై ఆరో ఏట తెలిసింది. అదీ ఇంట్లో పెద్దవాళ్ళు చెబితే కాదు, ఒక పుస్తకం అట్ట చూసి.

నేను పాత ఫోటోలు బాగుచేస్తాను. మా నాన్న నడిపిన స్టూడియోలోనే, ఆయన కూర్చున్న కిటికీ పక్కనే నా బల్ల. చిరిగినవి, పురుగు తిన్నవి, నీళ్ళలో నానినవి, ఎవరో కోపంలో ముక్కలు చేసి తర్వాత ఏడుస్తూ తెచ్చినవి, అన్నీ నా దగ్గరికి వస్తాయి. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. మొహం మీద మరక కనబడితే నా చెయ్యి ఊరుకోదు.

ఒక సోమవారం పొద్దున మ్యూజియం మేడం వచ్చింది. ఊరి మధ్యలో దేశపటాలు గీసి అచ్చువేసే పాత ఆఫీసు ఒకటి ఉండేది. దాన్నిప్పుడు మ్యూజియం చేశారు, దానికి ఈవిడ అధికారి. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, చురుకైన పిల్ల. ఆవిడ వెనకాలే వింతల మాస్టారు దిగారు. ఆయన రిటైరైన చరిత్ర మాస్టారు. చరిత్రలో ఎవరికీ తెలియని వింతలు, ఎప్పటికీ తేలని రహస్యాలు అంటూ పుస్తకాలు రాస్తారు, సభల్లో చెబుతారు. మాయమైన ఓడలు, ఎవరూ తెరవని పెట్టెలు, ఉన్నట్టుండి ఖాళీ అయిపోయిన ఊళ్ళు. అబద్ధమెందుకు, ఆయన చెబుతుంటే నేనూ నోరు వెళ్ళబెట్టుకుని విన్నదాన్నే.

మేడం సంచిలోంచి గుడ్డలో చుట్టిన గాజు పలక తీసి బల్ల మీద పెట్టింది. తొంభై ఏళ్ళ నాటి నెగటివ్. దాంతోపాటు ఒక ఉత్తరం ఇచ్చింది. పలక మీద తర్వాత చేరిన మురికి, మరకలు, రంగులు అన్నీ తీసి, శుభ్రమైన పలక నుంచి గోడంత ఫోటో తయారుచెయ్యాలని అందులో ఉంది. కింద ఆవిడ సంతకం.

"శనివారం కొత్త గది తెరుస్తున్నామండీ. జనం ఈ ఫోటో కోసమే వస్తారు," అంది మేడం.

మాస్టారు తన పుస్తకం తీసి నా ముందు పెట్టారు. అట్ట మీద అదే ఫోటో. పటాల ఆఫీసు పెద్ద హాల్లో సిబ్బంది అంతా రెండు వరసల్లో కూర్చున్నారు. వరసకు కుడిపక్కన, తెల్లటి గోడ ముందు, పెద్ద ఆఫీసరు దర్జాగా నిలబడ్డాడు. ఆయనకు దగ్గరగా, ముందు వరసలో చివరి కుర్చీలో ఒక ఆడమనిషి. ఆవిడ ఒంట్లోంచి కుర్చీ వీపు, అడ్డపట్టీలు, అన్నీ కనబడుతున్నాయి.

"అచ్చువేసే రాళ్ళు దాచే గదిలో చచ్చిపోయిన పడుచు," అన్నారు మాస్టారు గొంతు తగ్గించి. "ఎవరో, ఎందుకు చచ్చిపోయిందో ఏ కాగితంలోనూ లేదు. సిబ్బంది పట్టీలో అంతమంది మగాళ్ళ పేర్లున్నాయి, ఈవిడ పేరు లేదు. ఫోటో తీసేటప్పుడు ఆ కుర్చీ ఖాళీ అట! కడిగి చూస్తే ఈవిడ!"

"ఆవిణ్ణి కాస్త స్పష్టంగా చెయ్యండి," అంది మేడం.

"మరీ స్పష్టంగా వద్దండోయ్! దయ్యం దయ్యంలాగే ఉండాలి," అని మాస్టారు నవ్వారు.

నేనూ నవ్వాను. ఫోటోలో దయ్యాలెలా పుడతాయో నాకు తెలియక కాదు. ఆ రోజుల్లో అంత చీకటి హాల్లో ఫోటో తియ్యాలంటే కెమెరా మూత తీసి ఇరవై అంకెలు లెక్కపెట్టేవారు. అంతసేపూ కదలకుండా కూర్చున్నవాళ్ళు పూర్తిగా పడతారు. మధ్యలో లేచిపోయినవాళ్ళు సగమే పడతారు, మిగతా సగం వాళ్ళ వెనకున్న కుర్చీ పడుతుంది. చూడగానే ఇది అదేనని నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు. ఎవరి దయ్యమో, మనకెందుకులే అనుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మధ్యాహ్నం భోజనానికి పైకి వెళ్తూ ఆ పుస్తకం చేతిలో పట్టుకెళ్ళాను. స్టూడియో మీదే మా ఇల్లు. అమ్మా నేనూ ఉంటాం. అమ్మకు ఎనభై నాలుగు. కాళ్ళూ నోరూ బ్రహ్మాండంగా ఉన్నాయి, కళ్ళే మొరాయిస్తున్నాయి. చూపు మధ్యలో మచ్చ పెరుగుతోందనీ, ఏడాదిలోపు మొహాలు పోల్చుకోవడం కష్టమవుతుందనీ డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి అమ్మ కనబడినదాన్నల్లా భూతద్దం పెట్టి చూస్తోంది, పప్పు డబ్బా మీది కాగితంతో సహా.

పుస్తకం అట్టనూ అలాగే చూసింది. చాలాసేపు చూసింది. నేను వడ్డించి పిలిచినా రాలేదు.

"ఏమేవ్, ఇలా రా. ఈ పిల్ల మా అమ్మే."

"ఎవరు?"

"ఈ కుర్చీలో కూర్చున్న పిల్ల. చెవి మీద కలం చూడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా అమ్మ చెవి మీద కలం లేకుండా నేను చూడలేదు. నిద్రలో కూడా తడుముకునేది."

నేను నమ్మలేదు. అమ్మ భూతద్దం బల్ల మీద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"మా అమ్మ చెప్పేది, 'నేను ఒకే ఒక్క ఫోటో దిగాను, అదీ సగం' అని. సగం అంటే పక్కనెవరో కత్తిరించేశారేమో అనుకునేదాన్ని. ఇదన్నమాట సగం."

అప్పుడు మొత్తం చెప్పింది. అమ్మమ్మ ఆ ఆఫీసులో పటాల మీద ఊళ్ళ పేర్లు రాసేది. కాగితం మీద కాదు, నున్నగా అరగదీసిన రాతి పలక మీద, అక్షరాలన్నీ తిరగేసి. అలా రాస్తేనే అచ్చులో తిన్నగా పడతాయి. ఆ పని అందరి వల్లా అయ్యేది కాదు, ఒక్క అక్షరం తప్పుపోతే రాయంతా మళ్ళీ అరగదియ్యాలి. పందొమ్మిదేళ్ళు రాసింది. ఆ హాల్లో ఆడమనిషి తనొక్కతే. ఫోటో రోజున చివర కుర్చీ ఖాళీగా కనిపిస్తే వరస వెలితిగా ఉందని ఫోటోగ్రాఫరే ఆవిణ్ణి పిలిచి కూర్చోబెట్టాడు. అంకెలు లెక్కపెట్టడం మొదలైంది. పది దాటగానే పెద్ద ఆఫీసరు ఎందుకో పక్కకు చూశాడు, చూసి లెమ్మన్నాడు. ఆవిడ లేచిపోయింది.

"ఏమన్నాడట?"

"ఏమీ అనలేదుట. వేలు చూపించి పైకి ఆడించాడుట, కుక్కను లేపినట్టు. మిగతా పది అంకెలూ తలుపు పక్కన నిలబడి విన్నదట," అంది అమ్మ. ఆ తర్వాత పుస్తకం మళ్ళీ దగ్గరికి లాక్కుని, "దయ్యమా? మా అమ్మని దయ్యమంటున్నారా వీళ్ళు?" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బతికున్న మనిషి, ముగ్గురు పిల్లల్ని కన్న మనిషి, డెబ్భై రెండేళ్ళు బతికి తన మంచం మీద తను పోయిన మనిషి. ఆవిణ్ణి పడుచుతనంలోనే చంపేసి, రాళ్ళ గదిలో పడేసి, టికెట్టు పెట్టి చూపిస్తున్నారు! పైగా రహస్యమట! ఎవర్నైనా అడిగారా? ఈ ఊళ్ళోనే, ఆ మ్యూజియానికి నాలుగు వీధుల అవతలే, ఆవిడ కూతురు కూర్చుని పప్పు డబ్బాలు చదువుకుంటోంది. ఒక్కడైనా మెట్లెక్కి వచ్చి అడిగిన పాపాన పోలేదు. అడగకపోవడం వాళ్ళ బద్ధకం, దానికి రహస్యమని పేరు.

"చూపు పోయేలోగా ఆ గోడ మీద మా అమ్మని అమ్మగా చూడాలే. ఇంకేం వద్దు నాకు," అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే మ్యూజియానికి వెళ్ళాను. గుమ్మంలోనే పెద్ద ఆఫీసరు నూనెరంగుల బొమ్మ, బంగారు పూత చట్రంలో. మేడం గదిలో మాస్టారు కూడా ఉన్నారు. ఉన్నదున్నట్టు చెప్పాను. మేడం శ్రద్ధగానే వింది. మాస్టారు మాత్రం చిన్నపిల్ల మాటలు వింటున్నట్టు తలూపారు.

"చూడండమ్మా, కుటుంబాల్లో చెప్పుకునే కబుర్లు చరిత్ర కావు. ఆధారం కావాలి."

"మీ దయ్యానికి ఏం ఆధారం ఉంది మాస్టారూ?"

ఆయన మేడం వైపు తిరిగారు. మేడం బీరువాలోంచి ఆ ఏటి సిబ్బంది పట్టీ తీసి నా ముందు తెరిచింది. పేర్లు రాసేవాళ్ళ జాబితాలో అందరూ మగవాళ్ళే. చివరి పేజీలో, బక్కెట్లూ చీపుళ్ళూ కొన్న వివరాల పైన, ఒక వరస ఉంది: "రాళ్ళు కడుగు స్త్రీ, ఒకరు."

"రాసేవాళ్ళలో ఆడవాళ్ళకు ఉద్యోగం లేదండీ అప్పట్లో. అందుకని మీరు చెప్పేది..." అంటూ మేడం ఆగిపోయింది.

"అందుకని రాయించుకుని, కడిగే మనిషని రాసుకున్నారు," అన్నాను. "ఒకరు అని కూడా రాశారు చూశారా, ఎంత దయో!"

"అయ్యుండొచ్చు," అంది మేడం నెమ్మదిగా. "కానీ కాగితంలో లేని పేరు నేను గోడ మీద రాయలేను. పైవాళ్ళు ఒప్పుకోరు. కావాలంటే 'ఈవిడ ఇక్కడ పనిచేసిన మనిషని కొందరంటారు' అని రాస్తాను."

కొందరంటారు! మా అమ్మ 'కొందరు' అయిపోయింది. అక్కడే ఉంటే ఏమంటానో నాకే భయమేసి లేచి వచ్చేశాను. వెనక నుంచి మాస్టారు, "కోప్పడకండమ్మా, దయ్యం వల్లే కదా ఆవిడ పేరు పదిమంది నోళ్ళలో నానుతోంది," అన్నారు. ఏ పేరు మాస్టారూ?

స్టూడియోకు వచ్చి, కోపమంతా పని మీద పెట్టి, గాజు పలకను లైటు బల్ల మీదకు ఎక్కించాను. ముందు అమ్మమ్మనే చూశాను. తర్వాత ఆఫీసరును చూశాను, తిట్టుకోవడానికి. అప్పుడు పట్టింది నాకు. అమ్మ చెప్పింది నిజమైతే ఆయన కూడా కదిలాడు కదా! తల తిప్పినవాడికి రెండు మొహాలు పడాలి, చెయ్యెత్తినవాడికి మూడు చేతులు పడాలి. మరి ఈయన శిలావిగ్రహంలా అంత నిఖార్సుగా ఎలా ఉన్నాడు?

పలకను ఏటవాలుగా పట్టి కిటికీ వెలుగులో చూశాను. ఆయన తల పక్కన, భుజం పక్కన, తెల్లగోడ ఉన్న చోట మెరుపు. పెన్సిల్ మెరుపు. సన్నగా, ఓపిగ్గా, చేపపొలుసుల్లా వేసిన గీతలు. ఆ పని మా నాన్న చేస్తుంటే పక్కన నిలబడి నేర్చుకున్నదాన్ని, నాకు తెలియదా? నెగటివ్ మీద పెన్సిల్ రుద్దిన చోట ఫోటోలో తెల్లగా వస్తుంది. గోడ తెల్లది. అంటే గోడ మీద ఏదో నల్లటి నీడ పడితే దాన్ని ఎవరో గోడలో కలిపేశారు.

దూదిని మందులో ముంచి, బొట్టు బొట్టుగా తుడిచాను. పెన్సిల్ కదిలింది. మొదట ఒక ముక్కు వచ్చింది, పక్కకు తిరిగిన ముక్కు. తర్వాత గడ్డం. తర్వాత భుజం నుంచి సాగిన ఒక చెయ్యి, దాని చివర చూపుడు వేలు. వేలు చివరి కుర్చీ వైపే ఉంది.

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. అమ్మ మాట రుజువైందన్న సంతోషం ఒక్క నిమిషమైనా నిలవలేదు. అంతకుమించిన మంట పుట్టింది, ఈసారి నా పని చేసేవాళ్ళ మీద. ఎవడో నాలాంటివాడే, నాలాగే కిటికీ పక్కన కూర్చుని, ఈ పలక చూశాడు. ఇద్దరు కదిలారు. ఒకే క్షణాన, ఒకరి వల్ల ఒకరు. పెద్దాయన రెండో మొహం చెరిపి, వేలు చెరిపి, బూట్ల మీద దుమ్ము కూడా చెరిపాడు. పక్కనే ఉన్న ఆవిణ్ణి మాత్రం అలాగే వదిలేశాడు. ఆవిణ్ణి నింపడానికి చేతకాలేదా? చేతకాకేం, అవసరం లేకపోయింది. రెండు తలలున్న ఆఫీసరును మామూలు మనిషిని చేసి, మామూలు మనిషిని దయ్యాన్ని చేశాడు. ఈ చరిత్రంతటికీ మూలం ఒక పెన్సిల్ ముక్క!

సరే, నా దగ్గరా పనిముట్లున్నాయి. గురువారం పొద్దున కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అమ్మమ్మ మొహం సగమే పడినా కళ్ళూ ముక్కూ పెదవీ అన్నీ ఉన్నాయి. కుర్చీ పట్టీలు తీసేసి, ఒళ్ళు నింపి, నీడ వేస్తే చాలు. రెండు గంటల్లో ఆవిడ గట్టిగా, బరువుగా, అందరిలాగే కూర్చుంది. అంత అందంగా కుదురుతుందని నేనూ అనుకోలేదు. ఇక ఎవడంటాడో చూస్తాను దయ్యమని! అమ్మను కిందికి పిలిచాను.

అమ్మ తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగింది. భూతద్దం అటూ ఇటూ జరిపింది. వేలు మొహం మీద పెట్టి, "అచ్చం ఇలాగే ఉండేది," అంది. నాకు కళ్ళు చెమర్చాయి.

"శనివారం ఇదే పెడదామా?"

అమ్మ భూతద్దం పక్కన పెట్టింది.

"వద్దే. తీసెయ్."

"అదేంటమ్మా? అమ్మగా చూడాలన్నావు కదా!"

"అన్నాను. చూశాను, చాలు." అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "వాళ్ళు లేపారు. మా అమ్మ లేచింది. నువ్విప్పుడు చక్కగా కూర్చోబెడితే చూసేవాళ్ళేమనుకుంటారు? అబ్బా, ఆ కాలంలోనే ఆడమనిషికి కుర్చీ వేశారు, ఎంత మంచివాళ్ళో అనుకుంటారు. లేపినవాళ్ళను మంచివాళ్ళని చేస్తావా? మా అమ్మ ఆ పది అంకెలూ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆవిణ్ణి అక్కడే ఉండనీ. వాడి వేలు చూపించు."

ముప్పై ఏళ్ళుగా మరకలు తీస్తున్నాను. ఏ మరక ఉంచాలో చెప్పినవాళ్ళు ఇన్నాళ్ళకు మా అమ్మొక్కతే. అమ్మమ్మను నేను గీసినదంతా, నా చేత్తో నేనే, ఒక్కొక్క పొరా తీసేశాను. ఏడుస్తూనే తీశాను. కుర్చీ పట్టీలు మళ్ళీ ఆవిడ గుండెల్లోంచి బయటికి వచ్చాయి. ఆఫీసరు వైపు నేను ఒక్క చుక్క కూడా కలపలేదు. కలపాల్సిన పని లేదు, తుడిచిందే చాలు.

శుక్రవారం గోడంత కాగితం చుట్ట విప్పగానే మాస్టారి మొహం మాడిపోయింది.

"ఇదేంటిది? ఈ రెండో తల ఎక్కణ్ణుంచి వచ్చింది? పెద్దాయన్ని పాడుచేశారు మీరు!"

"తర్వాత చేరిన మరకలు, రంగులు అన్నీ తియ్యమన్నారు. తీశాను," అని ఉత్తరం చూపించాను. తుడవక ముందు తీసిన పలక బొమ్మ, తుడిచాక తీసిన బొమ్మ, రెండూ పక్కపక్కన పెట్టాను.

మేడం ఆ రెంటినీ మార్చి మార్చి చూసింది. వేలు దగ్గర ఆగింది, కుర్చీ దగ్గర ఆగింది, మళ్ళీ వేలు దగ్గరికి వచ్చింది.

"దీన్ని పెడితే దయ్యం ఏమైనట్టు? పోస్టర్లన్నీ వేసేశాం!" అని మాస్టారు గింజుకుంటున్నారు.

"ఉత్తరం మీద సంతకం నాదే మాస్టారూ," అంది మేడం. "ఇదే పెడతాం." తర్వాత నాతో, "పేరు మాత్రం రాయలేనండీ. కానీ దయ్యమని కూడా రాయను. ఏమీ రాయను," అంది. అరకొర న్యాయమే. అయినా ఆ పిల్ల గొంతులో సిగ్గు వినిపించింది, దానికే కాస్త చల్లబడ్డాను.

శనివారం గది కిక్కిరిసింది. అందరూ దయ్యం కోసమే వచ్చారు. అమ్మను ఫోటోకు ఎదురుగా బెంచీ మీద కూర్చోబెట్టాను. భూతద్దం అవసరం లేదు, అమ్మమ్మ మొహం జల్లెడంత ఉంది. మాస్టారు గొంతు సవరించుకుని అలవాటు ప్రకారం మొదలుపెట్టారు. రాళ్ళ గది, పేరులేని పడుచు, ఖాళీ కుర్చీ. జనం వింటున్నారు గానీ కళ్ళు ఆయన మీద లేవు. గోడ మీద ఆ వేలు మనిషి చెయ్యంత పొడుగుంది. చూపు ఎటునుంచి మొదలైనా దాని మీదుగా జారి కుర్చీ దగ్గరికే పోతోంది.

ముందు వరసలో, పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, భుజాన సంచీ కూడా దించని ఒకావిడ మాస్టారి మాటకు అడ్డొచ్చింది.

"ఆగండి సార్. ఆయన ఎవర్ని లెమ్మంటున్నాడు?"

మాస్టారు ఫోటో వైపు చూశారు, మేడం వైపు చూశారు. "అదే కదమ్మా ఎవరికీ తెలియని రహస్యం..." అన్నారు.

అమ్మ బెంచీ పట్టుకుని లేచింది. నేను చెయ్యి అందించబోతే వద్దని తోసేసింది.

"రహస్యమూ లేదు, పాడూ లేదు," అంది. "మా అమ్మని."

ఆ సంచీ ఆవిడ వెనక్కి తిరిగి, "ఆవిడ పేరేంటండీ?" అని అడిగింది.

అమ్మ చెప్పింది. గట్టిగా, గదంతా వినబడేలా చెప్పింది. వెనక ఎవరికో సరిగ్గా వినబడలేదని అంటే, మళ్ళీ చెప్పింది.